నలభై మూడు చీరల ఫైలు

రెండేళ్లపాటు నా క్రెడిట్ కార్డు పక్క బ్లాకులో ఉండే బసవపున్నయ్య గారి బీరువాలో, లక్కముద్ర వేసిన ఖాకీ కవరులో ఉంది. నవ్వితే నవ్వండి. ఈ రోజుల్లో లక్క ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్లూ ఉంటారు. ఆయన రిటైరైన అకౌంట్స్ ఆఫీసరు. ఆయన ఇంట్లో లక్క ఉంటుంది, ఫైలు కట్టే తెల్ల నాడా ఉంటుంది, పంచింగ్ మిషన్ ఉంటుంది, ఫైలులో ప్రతిపాదనలు రాసే, సర్వీసులో ఉన్ననాటి ఆకుపచ్చ నోట్‌షీట్ల కట్ట ఉంటుంది. లేనిదల్లా మొహమాటం.

నేను సెక్షన్ ఆఫీసర్ని. దేశ రాజధానిలో, ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో పనిచేస్తాను. వచ్చిన ప్రతి కాగితంలోనూ తప్పు పట్టడం నా ఉద్యోగం. కింది వాళ్లు రాసిన నోట్‌లో ఒక్క సున్నా తేడా వచ్చినా ఎర్రసిరాతో చుట్టి వెనక్కి పంపిస్తాను. అలాంటిదాన్ని, నా కార్డు స్టేట్‌మెంటులో రెండో పేజీ నాలుగేళ్లు తిప్పి చూడలేదు.

నాకు పట్టిన జబ్బు పేరు పాయింట్లు. మా సెక్షన్‌లో ఎవరు ఎల్టీసీ మీద, అంటే ప్రభుత్వం డబ్బుతో, కుటుంబాన్ని తీసుకుని తిరగడానికి వెళ్లినా విమానం టికెట్లు నా కార్డు మీద కొట్టేదాన్ని. ఇక్కడి ద్వారక పేటలో మా అపార్ట్‌మెంట్ల సొసైటీ తెలుగువాళ్లు వాషింగ్ మిషన్ కొన్నా, ఫోన్ కొన్నా, "సుభాషిణి కార్డుంది కదా" అనేవాళ్లు. పాయింట్లు నాకు, పేరు నాకు. వాళ్లు ఏ పూటకాపూట నా ఖాతాలో డబ్బు వేసేసేవాళ్లు, పాపం, ఒక్కరూ ఎగ్గొట్టలేదు. ఎగ్గొట్టింది నేను. ఖాతాలో లక్షన్నర కనపడేసరికి అది నాదే అనిపించేది. సోఫా మారింది. పిల్ల పళ్లకు క్లిప్పులు పడ్డాయి. చీరల సంగతి తర్వాత చెబుతాను. బిల్లు రాగానే అడుగున 'కనీస చెల్లింపు' అని చిన్న అంకె ఉండేది. అది కట్టి, బాధ్యత గల మనిషిలా పడుకునేదాన్ని. నాలుగేళ్ల పాయింట్లకు నాకు వచ్చినవి ఒక మిక్సీ, చక్రాల సూట్‌కేసులు రెండు. అప్పు అయిదు లక్షల అరవై వేలు.

అది బయటపడిన రోజు వినాయక చవితి. మా సెక్టారు తెలుగు సంఘం పార్కులో పందిరి వేసి, రెండువందల మందికి భోజనాలు పెట్టింది. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసింది నేనే. వంటవాడికి చివర్లో ఇవ్వాల్సిన ముప్పై ఎనిమిది వేలు నా దగ్గరే ఉండాలి. లేవు. కార్డు గీకుదాంలే అనుకుని, వాడు మిషన్ తెచ్చుకున్నాడని ధీమాగా ఉన్నాను. పులిహోర వాసన ఇంకా వస్తుండగానే కార్డు గీశాను. మిషన్ కూసింది. మళ్లీ గీశాను. మళ్లీ కూసింది. వంటవాడు "దీదీ, లిమిట్ ఖతమ్ హై" అన్నాడు, చుట్టుపక్కల నలుగురికీ వినపడేలా.

సంఘానికి కోశాధికారి బసవపున్నయ్య గారు. ఆయన వచ్చి మిషన్ వంక చూశారు, నా మొహం వంక చూశారు. జేబులోంచి చెక్కు పుస్తకం తీసి ముప్పై ఎనిమిది వేలకు రాసి ఇచ్చారు. "నెట్‌వర్క్ సరిగ్గా లేదయ్యా" అన్నారు వంటవాడితో. నావైపు తిరిగి మెల్లగా, "రేపు ఎనిమిదింటికి ఇంటికి రా అమ్మా. స్టేట్‌మెంట్లన్నీ పట్టుకురా" అన్నారు. జనం సొమ్ము తిన్నానని ఆయనకు తెలిసిపోయింది. ఆ రాత్రి కూచుని నాలుగేళ్ల స్టేట్‌మెంట్లూ వెతికి పెట్టుకున్నాను.

మర్నాడు ఎనిమిదింటికి ఆయన భార్య అరుంధతి ఆంటీ కాఫీ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. అరగంటసేపు ఆయన పెన్సిల్‌తో టిక్కులు పెట్టుకుంటూ నాలుగేళ్ల బతుకూ చదివారు. నేను గుమస్తాలా నిలబడ్డాను.

"నెలకి మూడున్నర వడ్డీ. ఏడాదికి ఎంతో తెలుసా?"

"నలభై దాకా అవుతుంది సార్."

"తెలుసన్నమాట! తెలిసే కట్టావన్నమాట!" అని పెన్సిల్ బల్లమీద పడేశారు. "నా ముప్పై ఎనిమిది వేలు ఆఖర్న ఇద్దువుగాని. ముందు బ్యాంకుది తేలాలి. ఒక్క షరతు. ఇకనించి నువ్వు ఖర్చుపెట్టేది ఏదైనా సరే, ఫైలు మీద రావాల."

"ఫైలేమిటి సార్?"

"ఫైలంటే ఏంటో నీకు నేను చెప్పాలా? ఆఫీసులో పదిరూపాయల స్టేప్లర్ పిన్నులకి నోటు రాస్తావే, ఇంట్లో పదివేల చీరకి రాయవే?"

ఆ మాట తిన్నగా తగిలింది.

అప్పటికప్పుడు బ్యాంకుకు పంపాల్సిన అయిదు కాగితాలు తయారుచేసి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇచ్చారు. గుర్తున్న చోటల్లా సంతకం చేశాను. కళ్లు నీళ్లతో మసకేశాయి, ఏం రాసి ఉందో చూడలేదు. ఫోన్‌లో ఉన్న ప్రతి యాప్‌లోంచీ కార్డు నంబరు తీయించారు. కార్డు కవరులో పెట్టి, కొవ్వొత్తి మీద లక్క కరిగించి, మూడు చోట్ల ముద్ర వేశారు. ఫైలులో మొదటి నోటు నా నాలుగు బంగారు గాజులు. అమ్మకానికి ఆమోదం. అవి పోగా మిగిలిన నాలుగు లక్షల ముప్పై ఆరు వేలను బ్యాంకు ఇరవై నాలుగు వాయిదాల అప్పుగా మార్చింది. నెలకు ఇరవై ఒక్క వెయ్యి నూట నలభై. ప్రతి నెలా అయిదో తారీకున. ఒక్కటి తప్పినా మళ్లీ పాత వడ్డీ.

ఇంట్లో చెప్పడం గాజులు అమ్మడం కంటే కష్టమైంది. నా భర్త రఘునందన్‌ది గురుగ్రామ్‌లో ప్రైవేటు ఉద్యోగం. అతని జీతం ఇంటి అప్పుకూ పిల్ల కాలేజీకీ ఇంటిఖర్చుకూ చాలీచాలకుండా సరిపోతుంది. విని, పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండోరోజు పొద్దున ఇడ్లీ తింటూ "చట్నీలో ఉప్పెక్కువైంది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇక ఫైలు సంగతి. అయిదువందలు దాటిన ఏ ఖర్చుకైనా నేను నోటు రాయాలి. ఫైలు బుధవారం, శనివారం సాయంత్రాలు మాత్రమే కదులుతుంది. అంటే మంగళవారం నాకు ఏదైనా మోజు పుడితే, అది కనీసం ఒకరోజైనా చల్లారాలి. సగం మోజులు ఆ ఒక్కరోజులోనే చచ్చేవి. చావనివి ఫైలు మీద చచ్చేవి.

ఏడో నోటు నాకు బాగా గుర్తు. మా పిన్ని కూతురు పెళ్లి నోయిడాలో. "సందర్భం దృష్ట్యా ఒక పట్టుచీర, రూ. 6,500, మంజూరు చేయ ప్రార్థన" అని రాశాను. శనివారం ఫైలు తిరిగొచ్చింది. కింద ఆయన గుండ్రటి అక్షరాలు: "చేతిలో ఉన్న చీరల స్టాక్ స్టేట్‌మెంట్ జతచేసి తిరిగి సమర్పించండి."

ఒళ్లు మండిపోయింది. నా చీరలు లెక్కపెట్టడానికి ఈయనెవరు? ఆ మంటలోనే బీరువా తెరిచి మంచం మీద కుప్పపోశాను. పట్టువి, నేతవి, సిల్కువి వేరుచేశాను. నలభై మూడు తేలాయి. అందులో ఆరింటికి ఇంకా ఫాల్ కూడా కుట్టలేదు. స్టేట్‌మెంట్ రాసి జతచేశాను గానీ, నోటు మీద నేనే "ప్రతిపాదన ఉపసంహరించుకుంటున్నాను" అని రాసి పంపాను. ఆయన "చూశాను" అని సంతకం పెట్టారు. అంతే, పొగడ్త కూడా లేదు.

పీనాసి అనుకోకండి. డిసెంబరు చలిలో గీజరు పేలితే, బుధవారం దాకా ఆగలేక సోమవారమే ఫైలు పట్టుకెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి, నా వీపు మీద ఫైలు ఆనించి "అత్యవసరం. ఆమోదించాను" అని రాసిచ్చారు. రఘు కళ్లద్దాలకూ అలాగే. ఖర్చంటే ఆయనకు కోపం లేదు, ఆలోచించకుండా ఖర్చుపెడితే కోపం. ఆ తేడా తెలియడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

ఆఫీసులో మాత్రం చాలాకాలం దొంగమాటలతో నెట్టుకొచ్చాను. కార్డు పోయిందనీ, బ్యాంకు ఆపేసిందనీ, కొత్తది రావాలనీ. ఒకరోజు నా పక్క సీటు ఉమారాణి హడావుడిగా వచ్చింది. ఆమెది కరీంనగర్. మా ఇద్దరిదీ పదేళ్ల స్నేహం.

"సుభా, అండమాన్ టికెట్లు ఇయ్యాల్నే బుక్ జెయ్యాలె. నా కార్డుల గంత లిమిట్ లేదు. నీ దాంట్ల కొట్టు, పాయింట్లు నీకే. పైసలు పొద్దుగూకేలోపు నీ ఖాతాల ఏస్త."

లక్షా ఇరవై వేలు. సాయంత్రానికి నా ఖాతాలో. ఆ అంకె వినగానే లోపల ఏదో కదిలింది, నిజం చెప్పొద్దూ, నోరూరింది. అప్పుడు నాకు భయం వేసింది. కార్డు లేకపోయినా జబ్బు అలాగే ఉందన్నమాట.

"నా దగ్గర కార్డు లేదు ఉమా. ఉన్నా కొట్టను. అయిదు లక్షల అరవై వేలు అప్పుపడ్డాను. తీరుస్తున్నాను" అన్నాను. గొంతు తగ్గించి అందామనుకున్నాను గానీ తగ్గలేదు. సెక్షన్‌లో కీబోర్డులు ఆగిపోయాయి.

ఉమారాణి కుర్చీ లాక్కుని కూచుంది. "గింత పెద్ద ముచ్చట ఇన్నొద్దులు కడుపుల దాసుకున్నవా? నన్ను పరాయిదాన్ని జేసినవు గదనే" అని నా భుజం మీద ఒక్కటి చరిచింది. టికెట్లు ఆమె మరిది కార్డు మీద కొట్టుకుంది. ఆ వారంలోనే మా సెక్షన్ వాళ్లు ముగ్గురు, ఒకరికి తెలియకుండా ఒకరు, నా బల్ల దగ్గరికొచ్చి "మేడమ్, యే మినిమమ్ భర్నే సే క్యా హోతా హై?" అని, కనీస చెల్లింపు మాత్రమే కడితే ఏమవుతుందని అడిగారు. ఎర్రసిరా పెన్ను తీసి ముగ్గురికీ లెక్క వేసి చూపించాను.

అలా ఇరవై ఒక్క వాయిదాలు కట్టాను. అప్పు తగ్గేకొద్దీ బ్యాంకుకు నా మీద ప్రేమ పెరిగింది. 'మీకు మూడు లక్షల తొంభై వేల లిమిట్ అందుబాటులో ఉంది, ఈ వారాంతం ఆనందించండి' అని మెసేజిలు. చదివి, పళ్లు నూరి, తుడిపేసేదాన్ని.

ఇరవై రెండో నెల జూలై. మా అమ్మాయి ఇషిత బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి ఏడాదిలోకి వచ్చింది. తెలుగు అర్థమవుతుంది, కూడబలుక్కుని చదువుతుంది, జవాబు మాత్రం హిందీలో. ఐఐటీలో ఎమ్మెస్సీ చేయాలని దానికి ఇంటర్ నుంచీ పిచ్చి. ప్రవేశపరీక్ష ఫిబ్రవరిలో. దాని స్నేహితులందరూ జియా సరాయ్‌లో ఒక కోచింగ్‌లో చేరుతున్నారు.

"మమ్మీ, ఫీస్ సిక్స్‌టీ ఫోర్ థౌజండ్ హై. సండే తక్ భర్ దో తో ఫిఫ్టీ టూ. సబ్ భర్ రహే హై." ఆదివారంలోగా కడితే పన్నెండు వేలు తగ్గుతాయట, అందరూ కట్టేస్తున్నారట.

నా దగ్గర వాయిదా పోను పద్నాలుగు వేలు ఉన్నాయి. రఘు తన ఆఫీసులో ఎవరినైనా అడుగుతానన్నాడు. వద్దన్నాను. ఒక గుంట పూడ్చడానికి ఇంకో గుంట తవ్వడం నాకు బాగా తెలిసిన విద్య, అందుకే వద్దన్నాను. మరి ఎలా అన్నది ఫైలు మీదే తేలాలి. బుధవారం ఫైలు పట్టుకుని బసవపున్నయ్య గారి దగ్గరికి బయలుదేరబోతుంటే, అరుంధతి ఆంటీయే మా ఇంటికి వచ్చారు. చేతిలో ఖాకీ కవరు.

"ఆయనకి గుండె ఆపరేషనమ్మా, రేపే. ఆస్పత్రిలో చేర్చేశాం. అక్కడ పడుకుని కూడా ఒకటే గోల, ఛార్జి అప్పగించకుండా ఎట్టా పడుకుంటానని. ఇది నీకిచ్చి సంతకం తీసుకురమ్మన్నారు" అని ఒక కాగితం చూపించారు. 'ఈ రోజు మధ్యాహ్నం నుంచి ఈ ఫైలుకు మంజూరు చేయు అధికారి శ్రీమతి సుభాషిణి. ముద్రలు మూడు, చెక్కుచెదరలేదు.' ఆయన గుండ్రటి అక్షరాలే. సంతకం పెట్టిచ్చాను. ఆయన బాగుండాలని దణ్ణం పెట్టుకున్నాను. ఆంటీ వెళ్లాక చూస్తే, కవరు నా ఒళ్లో ఉంది.

ఆపరేషన్ బాగా జరిగిందని గురువారం సాయంత్రం ఫోన్ వచ్చింది. నెల రోజులు ఎవరూ విసిగించకూడదట.

శనివారం పొద్దున ఎవరూ నిద్రలేవని వేళ డైనింగ్ టేబుల్ దగ్గర కూచుని నోటు రాయడం మొదలుపెట్టాను. పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు రాసి పండిన చెయ్యి కదా, ఒకటిన్నర పేజీ అద్భుతంగా వచ్చింది. పిల్ల భవిష్యత్తు, పన్నెండు వేల ఆదా, కేవలం రెండు వాయిదాలు మిగిలి ఉండటం, ఇది విలాసం కాదు పెట్టుబడి అనడం. చదువుకుంటే నాకే కళ్లు చెమర్చాయి. సంతకం పెట్టాను. కింద మంజూరు చేసే అధికారి సంతకం పెట్టాలి. అదీ నేనే.

పెన్ను ఆగింది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం మాకు నేర్పే సంగతి ఇది. తన బిల్లు తాను పాస్ చేసుకోకూడదు. మంత్రిగారైనా సరే, ప్యూనైనా సరే. నాలుగేళ్లు నేను చేసిందల్లా అదే కదా. అడిగిందీ నేనే, ఇచ్చిందీ నేనే. మధ్యలో ఎవరూ లేరు.

కవరు చేతిలోకి తీసుకున్నాను. లక్క మీద గోరు పెట్టాను కూడా. కొంచెం నొక్కితే పెళుక్కున విరుగుతుంది. ఎవరికి తెలుస్తుంది? ఆయన నెల దాకా లేవరు. ఇలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. గోరు తీశాను. నా ఒకటిన్నర పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, ఇషితను పిలిచాను.

"ఇది నీకు కావాల్సిన ఖర్చు. నోటు నువ్వు రాయి. అధికారిని నేను."

"మమ్మీ, ఆర్ యూ సీరియస్?"

"ఫైలు తీసుకో."

మొహం మాడ్చుకుని ఇంగ్లిషులో మూడు ముక్కలు గిలికింది. నేను కింద రాశాను: "వాయిదాల సౌకర్యం ఉన్నదీ లేనిదీ విచారించి తిరిగి సమర్పించండి." అది మెట్రో ఎక్కి జియా సరాయ్ వెళ్లి, సాయంత్రానికి చెమటలు కక్కుతూ వచ్చింది. ఈ బ్యాచ్‌కు వాయిదాలు లేవు. మొత్తం ఒకేసారి, కార్డు అయితే ఇంకా సంతోషం. అదీ రాసి నా ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఆమోదించలేదు" అని రాశాను. ఆ ఒక్క మాట రాయడానికి రెండుసార్లు పెన్ను దించి ఎత్తాను.

"దో మహీనే మే సబ్ ఖతమ్ హో హీ జాయేగా! సిర్ఫ్ ఏక్ బార్, మమ్మీ!" అంది, రెండు నెలల్లో ఎలాగూ అంతా తీరిపోతుంది కదా అని.

"నేను గీకిన ప్రతిసారీ ఒక్కసారే అనుకున్నానే."

ఇషిత కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఆప్‌కే పాయింట్స్ కే చక్కర్ మే మేరా సాల్ జాయేగా." నా పాయింట్ల గోలలో తన ఏడాది పోతుందట.

అబద్ధం చెప్పలేదు పిల్ల. నేను మందలించలేదు, సర్దిచెప్పలేదు. "అవును. నా పాయింట్ల వల్లే. తప్పు నాది, దెబ్బ నీకు తగులుతోంది. అయినా ఈ కవరు విప్పను" అన్నాను. తలుపు ధడాలున వేసుకుంది. ఆదివారం సాయంత్రం గడువు దాటిపోయేదాకా గడియారం వంక చూస్తూనే ఉన్నాను. దాటిపోయాక ఏడ్చాను. రఘు పక్కన కూచుని నా చేతిలోంచి కవరు తీసుకుని పూజగూట్లో, దేవుడి పటం వెనక పెట్టాడు.

సోమవారం నుంచి ఫైలు కనపడలేదు. వెతికాను. బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద, నాడా కట్టి ఉంది. ఇషిత ఎదురుగా కూచుని ఉంది.

"నలభై మూడు చీరలా? సీరియస్లీ, మమ్మీ?" అంది. తెలుగులో. ఫైలు మొదటినుంచీ చదివిందన్నమాట.

నాకు నవ్వొచ్చింది. "లోపల చూడు" అంది గంభీరంగా.

చివరి పేజీలో 'సవరించిన ప్రతిపాదన'. మోడల్ టెస్టులు మాత్రం ఆన్‌లైన్లో రాయడానికి ఆరువేల అయిదువందలు. జియా సరాయ్‌లో పాస్ అయిపోయిన సీనియర్ల నోట్సు, పుస్తకాలు పాతవి, రెండువేల రెండువందలు. మిగతాది సొంతంగా చదువుకోవడం. కింది అంతస్తులో ఉండే ఇద్దరు పిల్లలకు లెక్కలు చెప్పి నెలకు నాలుగువేలు తను సంపాదించడం. కోచింగ్ కంటే ఇది బాగుంటుందని మాత్రం రాయలేదు. "అంత బాగుండదు, కానీ అవుతుంది" అని రాసింది. "ఆమోదించాను" అని రాసి సంతకం పెట్టాను. అయిదో తారీకున ఇరవై మూడో వాయిదా కట్టాను.

సెప్టెంబరు అయిదున ఆఖరిది కట్టేశాను. బాకీ లేదని బ్యాంకు ఉత్తరం అందిన తర్వాతి ఆదివారం, ఫైలూ కవరూ పట్టుకుని, ఇషితను వెంటబెట్టుకుని బసవపున్నయ్య గారింటికి వెళ్లాను. ఆయన బాగా చిక్కిపోయారు. శాలువా కప్పుకుని బాల్కనీలో కూచున్నారు. నేను ఉత్తరం ముందుకు చాచితే దాన్ని పట్టించుకోకుండా కవరు అడిగారు. కళ్లద్దాలు పైకి తోసి, మూడు ముద్రలూ ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు.

"ఒకదాని మీద గోటి గీత ఉంది" అన్నారు.

"ఉంది సార్. విరగ్గొట్టలేదు."

"కనపడతానే ఉంది. విప్పు."

విప్పాను. కార్డు కొత్తదానిలా మెరుస్తోంది. ఇషిత అందుకుని తిప్పి చూసి, "మమ్మీ, యే తో జూన్ మే ఎక్స్‌పైర్ హో గయా" అంది.

నేను లాక్కుని చూశాను. నిజమే. గడువు జూన్‌తో అయిపోయింది. నేను లక్క మీద గోరు పెట్టింది జూలైలో. గడువు తీరితే బ్యాంకు కొత్త కార్డు పంపాలి కదా, ఎందుకు పంపలేదు?

"నువ్వే వద్దన్నావుగా. ఆ రోజు అయిదు కాగితాల మీద సంతకాలు పెట్టావే, నాలుగోది అదే. గడువు తీరాక కొత్త కార్డు పంపవద్దని" అన్నారు బసవపున్నయ్య గారు. "చదవకుండా పెట్టావు. అప్పట్లో అదేగా నీ రోగం."

నాకు ఉక్రోషం ముంచుకొచ్చింది. "అయితే ఆ రోజు నేను కవరు విప్పినా అది పనికొచ్చేది కాదు! ఆ చచ్చిన ముక్క కోసమా సార్ పిల్లని ఏడిపించాను?"

"పనికిరాదని నీకు తెలుసా ఆ రోజు?"

"తెలియదు."

"పనికొస్తుందనే అనుకున్నావుగా?"

"అనుకున్నాను."

"అనుకునే విప్పలేదు. నాకు కావాల్సింది అదే అమ్మా" అన్నారాయన. అని, చాలా రోజుల తర్వాత మాట్లాడి అలిసిపోయినట్టు వెనక్కి వాలారు. అరుంధతి ఆంటీ బట్టలు కత్తిరించే కత్తెర తెచ్చిస్తే, కార్డును నాలుగు ముక్కలు చేశాను.

కాఫీలు అయ్యాక ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టాను. కొత్త నోటు ఇంట్లోనే రాసి తెచ్చాను. "శ్రీ బసవపున్నయ్య గారికి బాకీ ఉన్న రూ. 38,000 నాలుగు వాయిదాల్లో చెల్లించుటకును, బ్యాంకు వాయిదాలన్నీ పూర్తయిన శుభసందర్భంగా ఒక పట్టుచీర, రూ. 6,500, కొనుటకును మంజూరు చేయ ప్రార్థన." చివరి ముక్క రాసేటప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది గానీ, రెండేళ్లయింది కదా అని రాసేశాను.

ఆయన చదివి, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు. "ఇది నాకు రావాల్సిన సొమ్ము. నా బిల్లు నేను పాస్ చేసుకోకూడదు" అని ఫైలు ఇషితవైపు జరిపారు. "ఇక మీద అధికారి ఈ అమ్మాయి."

ఇషిత మా ఇద్దరి మొహాలూ చూసింది. ఫైలు ఒళ్లో పెట్టుకుని తీరిగ్గా మొదట్నుంచీ చదివింది. పెన్ను తీసుకుని, నాకు కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలు, ఒకటో తరగతి పిల్ల రాసినట్టు.

"నెలకు 21,140 మిగులుతోంది. కాబట్టి నాలుగు కాదు, రెండు వాయిదాలు. చీర: స్టాక్ స్టేట్‌మెంట్ జతచేయండి."